చేతులు తిమ్మిరెక్కితే ముందు సీటును చూడండి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, నా సమాధానమంతా ఆ అంకెల మీదే ఆధారపడి ఉంటుంది. మీ వయసు 41, ఎత్తు 170 సెం.మీ., బరువు 72 కిలోలు, కాలి లోపలి కొలత 79 సెం.మీ. మూడు నెలల కిందట 54 సైజు రోడ్ బైక్ కొన్నారు. హైదరాబాదులో వారానికి మూడు రోజులు తొక్కుతున్నారు. 25 కిలోమీటర్లు దాటేసరికి ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది, ఇంటికి వచ్చి మెట్లు ఎక్కేటప్పుడు మోకాలి చిప్ప దగ్గర నొప్పి పుడుతోంది. హ్యాండిల్ మరీ దూరంగా ఉందనిపించి సీటును దాని కింది పట్టాల మీద పూర్తిగా ముందుకు జరిపారు. కూర్చున్నచోట ఒత్తిడి తగ్గుతుందని సీటు ముక్కును కిందికి వంచారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాళ్ళు నేలకు అందాలని ఎత్తు తగ్గించారు. ఇప్పుడు, ఇన్ని చేసినా ఫలితం లేదు కాబట్టి, 100 మి.మీ. స్టెమ్ (హ్యాండిల్‌ను ముందు గొట్టానికి కలిపే ముక్క) తీసేసి 60 మి.మీ. స్టెమ్ వేయించుకోవాలా అని అడుగుతున్నారు.

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. మీకు నొప్పి చేతుల్లో ఉంది, మెడలో ఉంది, కాబట్టి తప్పు హ్యాండిల్ దగ్గరే ఉండాలని అనుకోవడం సహజం. కానీ పదేళ్ళకు పైగా దూర ప్రయాణాలు చేస్తూ, తోటి రైడర్ల సైకిళ్ళు సర్దుతూ వచ్చిన అనుభవంతో గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటుంది: చేతుల నొప్పికి మూలం చాలాసార్లు సీటు దగ్గర ఉంటుంది. సీటు మోయవలసిన బరువును మోయకపోతే ఆ బరువు అరచేతుల మీదికి వస్తుంది. మీరు చేసిన మూడు మార్పులూ, ఒక్కొక్కటీ సదుద్దేశంతో చేసినవే అయినా, మీ ఒంటి బరువును ముందుకు తోసినవే.

ఇది నమ్మడానికి ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడి, మోకాళ్ళు వంచకుండా నెమ్మదిగా ముందుకు వంగండి. కొంచెం వంగగానే ముందుకు పడబోతారు. ఇప్పుడు గోడకు రెండడుగులు దూరంగా వచ్చి అలాగే వంగండి. ఈసారి నడుము తనంతట తానే వెనక్కి వెళుతుంది, మీరు హాయిగా వంగి నిలబడగలుగుతారు. పొలంలో వరినాట్లు వేసేవారు గంటల తరబడి వంగి ఉండగలగడం వెనుక ఉన్నది కూడా ఇదే: తల, ఛాతీ ముందుకు వెళ్ళినంత మేర నడుము వెనక్కి వెళ్ళి తూకం సరిచేస్తుంది. సైకిల్ మీద పాదాలు పెడళ్ళ దగ్గర స్థిరంగా ఉంటాయి. సీటు ఎంత వెనక ఉందన్నదే నడుము ఎంత వెనక్కి వెళ్ళగలదో నిర్ణయిస్తుంది. సీటును పూర్తిగా ముందుకు తెచ్చారంటే మీ మడమల వెనుక గోడ కట్టుకున్నట్టే. అప్పుడు ముందుకు పడకుండా ఆపవలసిన పని చేతులదే అవుతుంది. దానికి తోడు ముక్కు కిందికి వంగిన సీటు మిమ్మల్ని ప్రతి తొక్కుకూ కొంచెం ముందుకు జారుస్తుంది, ఆ జారుడును మీరు తెలియకుండానే మోచేతులు బిగించి ఆపుతూ ఉంటారు. బిగించిన మోచేతుల గుండా రోడ్డు అదురంతా భుజాలకు, మెడకు చేరుతుంది.

నాకు ఇది తెలిసిన సందర్భం చెప్తాను. నా మొదటి 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే పదమూడున్నర గంటల గడువులో పూర్తి చేయవలసిన దూర ప్రయాణం, గడువులోనే ముగించాను. కానీ 160వ కిలోమీటరు నుంచి చిటికెన వేలు నాది కానట్టయింది, ఆ తర్వాత రెండు వారాల పాటు చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమైంది. చేతి తొడుగులు మార్చాను, హ్యాండిల్‌కు రెండు పొరల టేపు చుట్టాను, స్టెమ్ కూడా కొన్నాను. చివరికి ఒక పెద్దాయన, సైకిల్‌ను గోడకు ఆనించి సీటు మీద రసమట్టం పెట్టి, ముక్కు దాదాపు అయిదు డిగ్రీలు కిందికి ఉందని చూపించారు. అది సరిచేశాక, మిగతావేవీ మార్చకుండానే, తరువాతి 200 కిలోమీటర్లు చేతులు బాగానే ఉన్నాయి.

కాబట్టి క్రమం ఇలా ఉండాలి: ముందు సీటు, తరువాత హ్యాండిల్ ఎత్తు, ఆ తరువాత అవసరమైతేనే హ్యాండిల్ దూరం. మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న స్థితిని ఒక కాగితం మీద రాసుకోండి. క్రాంక్ (పెడల్‌ను మోసే చేయి) తిరిగే ఇరుసు మధ్య బిందువు నుంచి సీటు గొట్టం వెంబడే సీటు పైభాగం దాకా ఎంత ఉందో (మీ లెక్క ప్రకారం 66.5 సెం.మీ.), సీటు ముక్కు నుంచి హ్యాండిల్‌బార్ మధ్య దాకా ఎంత ఉందో, నేల నుంచి సీటు ఎత్తు, నేల నుంచి హ్యాండిల్ ఎత్తు ఎంతెంతో కొలవండి. సీటు పోస్టు గొట్టంలోకి దిగే చోట ఎలక్ట్రికల్ టేపు చుట్టండి. ఏ మార్పు బాగోకపోయినా వెనక్కి రావడానికి దారి ఉంటుంది. పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు: 4, 5 మి.మీ. ఆలెన్ కీలు, కొలత టేపు, తాపీమేస్త్రీ వాడే చిన్న రసమట్టం, వీలైతే ఒక టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్). మీ సైకిల్లో కార్బన్ భాగాలేవైనా ఉంటే మాత్రం టార్క్ రెంచ్ లేకుండా బోల్టులు ముట్టుకోవద్దు. ఎంత బిగించాలో ఆ భాగం మీదే అంకె రాసి ఉంటుంది. స్టెమ్‌కు, సీటు పోస్టుకు అది సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

మొదటి రోజు సీటు వంపు, ముందు వెనుకలు ఈ రెండూ కలిపి సరిచేయండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది మంచి నియమమే, కానీ ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న పొరపాట్లు, విడదీసి పరీక్షించడం వల్ల మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. సైకిల్ చదునైన నేల మీద ఉండేలా చూసుకుని, సీటు మీద పొడవుగా ఒక గట్టి అట్ట పుస్తకం పెట్టి, దాని మీద రసమట్టం ఉంచండి. బుడగ మధ్యకు రావాలి. తొక్కి చూశాక మరీ ఇబ్బందిగా ఉంటే ముక్కును ఒక డిగ్రీ, మహా అయితే రెండు డిగ్రీలు దించవచ్చు. అంతకు మించి దించవలసి వస్తోందంటే లోపం వంపులో కాదు, సీటు ఆకారంలో గానీ, ఎత్తులో గానీ ఉందని అర్థం. ఆ తరువాత పట్టాల బోల్టు వదులు చేసి సీటును 18 మి.మీ. వెనక్కి జరపండి. చాలా సీట్ల పట్టాల మీద అది ఇంచుమించు మధ్య గుర్తుకు వస్తుంది. మీ సైకిల్ సీటు గొట్టం వాలు చాలా రోడ్ బైకుల్లో ఉన్నట్టే 73 డిగ్రీల దగ్గర ఉంటే, ఇలా జరపడం వల్ల క్రాంక్ నుంచి సీటుకు ఉన్న దూరం కూడా 5 మి.మీ. దాకా పెరుగుతుంది. అందువల్ల ఆ రోజు ఎత్తును విడిగా పెంచవద్దు, పెంపులో మొదటి మెట్టు అందులోనే వచ్చేసింది.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మీ మోకాలి నొప్పికి జవాబు ఇందులోనే ఉంది.

ముందుగా కాలి కొలత నిజంగా 79 సెం.మీ. అవునో కాదో నిర్ధారించుకోండి. ప్యాంటు కొలత దీనికి పనికిరాదు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య ఒక జానెడు కన్నా కాస్త తక్కువ ఎడం ఉంచి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని రెండు కాళ్ళ మధ్య, వెన్ను భాగం పైకి వచ్చేలా, సీటు ఒత్తినంత గట్టిగా పైకి ఒత్తిపట్టి, దాని పై అంచు నుంచి నేలకు ఎంత ఉందో ఇంట్లో మరొకరిచేత కొలిపించండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. ఒక సెంటీమీటరు తేడా ఇక్కడ వస్తే సీటు దగ్గర ఇంచుమించు అంత తేడా వస్తుంది.

ఆ కొలత నుంచి సీటు ఎత్తు రాబట్టడానికి పాతకాలం నుంచి రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. 1986, 1989, 1990లలో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్, ఆయన జట్టును నడిపిన ఫ్రాన్సు దేశస్థుడు సిరిల్ గిమార్ పేర్లతో ప్రచారంలోకి వచ్చిన లెక్క ప్రకారం, కాలి కొలతను 0.883తో గుణిస్తే క్రాంక్ ఇరుసు నుంచి సీటు పైభాగానికి ఉండవలసిన దూరం వస్తుంది. మీకు అది 69.8 సెం.మీ. నేటి పెడళ్ళు, బూట్ల అడుగులు ఆనాటివాటికన్నా పలుచన కాబట్టి అందులోంచి కొన్ని మిల్లీమీటర్లు తగ్గించుకోవడం మామూలు. రెండోది 1967లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు ప్రచురించిన లెక్క: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు పెడల్ నుంచి సీటు పైభాగానికి కాలి కొలతలో 109 శాతం దూరం ఉండాలి. మీకు అది 86.1 సెం.మీ. అందులోంచి మీ క్రాంక్ పొడవు 17 సెం.మీ. తీసేస్తే 69.1 మిగులుతుంది. రెండు వేరువేరు దారుల్లో వెళ్ళినా లెక్కలు ఏడు మిల్లీమీటర్ల తేడాతో ఒకేచోటికి చేరాయి. మీరు 69.2ను గమ్యంగా పెట్టుకోండి. ఇప్పుడున్నది 66.5. అంటే మీ సీటు దాదాపు 27 మి.మీ. కిందికి ఉంది.

సీటు కిందికి ఉంటే మోకాలు ప్రతి చుట్టులోనూ అవసరానికి మించి వంగుతుంది. వంగిన మోకాలితో బలంగా తొక్కినప్పుడు చిప్ప ఎముక తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. నిమిషానికి ఎనభై చుట్ల చొప్పున గంట తొక్కితే ఒక్కో కాలికి 4,800 సార్లు ఆ ఒత్తిడి పడుతుంది. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే సీటు కిందికి గానీ ముందుకు గానీ ఉందని, మోకాలి వెనక భాగంలో, తొడ వెనుక నరాల్లో లాగినట్టు ఉంటే సీటు పైకి గానీ వెనక్కి గానీ ఉందని స్థూలంగా అనుకోవచ్చు. మీ విషయంలో సీటు కిందికీ ఉంది, ముందుకూ ఉంది.

అలాగని ఒక్కరోజులో 27 మి.మీ. పెంచవద్దు. మూడు నెలలుగా తక్కువ ఎత్తుకు అలవాటుపడిన తొడ కండరాలు, పిక్కలు, మడమ వెనుక స్నాయువు ఆ మార్పును తట్టుకోలేవు. అప్పుడు ఒక నొప్పి పోయి ఇంకొకటి వస్తుంది, మీకు లెక్క మీదే నమ్మకం పోతుంది. 5 మి.మీ. చొప్పున పెంచండి, ప్రతి పెంపు తరువాత కనీసం రెండు రైడ్లు చేయండి. నాలుగైదు మెట్లలో, అంటే నెల లోపు, గమ్యానికి చేరతారు. చివరి రెండు మెట్లలో వెనక నుంచి ఎవరిచేతనైనా వీడియో తీయించుకోండి. నడుము ఎడమకూ కుడికీ ఊగుతున్నా, పెడల్ కిందికి వెళ్ళినప్పుడు కాలివేళ్ళు చాచి అందుకుంటున్నా, లెక్క ఏమి చెప్పినా సరే, ఒక మెట్టు వెనక్కి దిగండి. లెక్కలు మొదలుపెట్టడానికే పనికివస్తాయి, ఆఖరి మాట శరీరానిదే. పక్కనుంచి తీసిన ఫొటోలో మరో నిర్ధారణ చేసుకోవచ్చు: పెడల్ అట్టడుగున ఆపి ఉంచినప్పుడు మోకాలి వంపు, అంటే కాలు పూర్తిగా చాచిన స్థితి నుంచి ఎంత వంగిందన్నది, 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. మొదట్లో 30కి అటు ఇటుగా ఉంచుకోవడం మంచిది. తొక్కుతూ ఉండగా తీసిన వీడియోలో ఈ వంపు కొన్ని డిగ్రీలు ఎక్కువే కనిపిస్తుంది, దానికి కంగారుపడవద్దు.

కాళ్ళు నేలకు అందవేమో అన్న మీ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. మన సిగ్నళ్ళ దగ్గర వెనక ఆటో, పక్కన బస్సు ఉన్నప్పుడు ఆ భయం న్యాయమైనదే. కానీ రోడ్ బైక్ మీద సీటులో కూర్చునే ఆగడం అన్నది పద్ధతి కాదు. ఆగబోయే ముందు ఒక పెడల్‌ను అడుగుకు తెచ్చి, దాని మీద బరువు వేసి సీటు నుంచి ముందుకు జారి, పై గొట్టానికి అటూ ఇటూ కాళ్ళు వచ్చేలా నిలబడి, రెండో కాలు నేల మీద పెట్టాలి. బయలుదేరేటప్పుడు పెడల్‌ను పైకి తెచ్చి, దాని మీద నిలబడినట్టుగా తొక్కుతూ సీటులోకి రావాలి. ఖాళీ మైదానంలో ఒక ఆదివారం ఉదయం అరగంట సాధన చేస్తే ఇది ఒంటికి పడుతుంది. ఆ తరువాతే పెంచిన ఎత్తుతో ట్రాఫిక్‌లోకి వెళ్ళండి.

గమ్యపు ఎత్తుకు చేరాక సీటు ముందు వెనుకలను మరోసారి చూడాలి. గొట్టం వాలుగా ఉంటుంది కాబట్టి సీటును 22 మి.మీ. పైకి లేపితే అది 6 మి.మీ. దాకా వెనక్కి కూడా వెళుతుంది. క్రాంక్‌ను నేలకు సమాంతరంగా ఉంచి, ముందున్న కాలి మోకాలి చిప్ప కింది బొడిపె నుంచి ఒక దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీస్తే అది పెడల్ ఇరుసు మీదుగా దిగాలన్నది చాలామంది చెప్పే సూత్రం. నేను కూడా దాన్ని మొదటి గుర్తుగా వాడతాను, అంతకు మించి దానికి శాస్త్రీయమైన పట్టు ఏమీ లేదు. దారం ఇరుసుకు ఒక సెంటీమీటరు వెనక పడినా మీకు హాయిగా ఉంటే అలాగే ఉంచుకోండి. నేను ఎక్కువగా నమ్మే పరీక్ష వేరు. ట్రైనర్ (సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కనిచ్చే స్టాండు) మీద, లేదా ఒకరు సైకిల్‌ను గట్టిగా పట్టుకుని ఉండగా, చేతులు బ్రేకు హుడ్ల (బ్రేకు లివర్ల పైనున్న రబ్బరు తొడుగుల) మీద ఉంచి ఓ మోస్తరు బలంతో తొక్కుతూ, నడుము వంపు మార్చకుండా రెండు అరచేతులనూ ఒక అంగుళం పైకెత్తండి. రెండు మూడు సెకన్ల పాటు ముందుకు పడకుండా ఉండగలిగితే సీటు సరైన చోట ఉంది. వెంటనే హ్యాండిల్ మీద పడబోతే ఇంకో 3 మి.మీ. వెనక్కి జరిపి, ఎత్తును తిరిగి కొలిచి, మళ్ళీ చూడండి. దీన్ని రోడ్డు మీద చేయవద్దు.

ఈ మార్పుల తరువాత కూడా కూర్చున్నచోట ఇబ్బంది మిగిలితే సీటు వెడల్పును అనుమానించాలి. గట్టి బల్ల మీద గళ్ళున్న పార్సిల్ అట్ట ముక్క పరిచి, దాని మీద కూర్చుని, పాదాలు కొంచెం పైకెత్తి, ముందుకు వంగి ఒక నిమిషం ఉండండి. పిరుదుల ఎముకలు రెండు గుంటలు చేస్తాయి. వాటి మధ్య బిందువుల దూరానికి 20 నుంచి 25 మి.మీ. కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు ఇంచుమించుగా వస్తుంది. మెత్తటి జెల్ కవరు కొనవద్దు. ఎముకలు అందులో దిగబడితే మధ్య భాగం పైకి ఉబ్బి, ఎక్కడ ఒత్తిడి పడకూడదో సరిగ్గా అక్కడే పడుతుంది. ఆ మధ్య భాగంలో తిమ్మిరి ఎప్పుడు వచ్చినా ఓర్చుకోవలసిన విషయంగా తీసుకోవద్దు, అక్కడ నరాలూ రక్తనాళాలూ ఉన్నాయి. ఆగి, లేచి నిలబడి, కారణం వెతకండి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదన్నది కూడా చాలామందికి ఎవరూ చెప్పరు. వేసవిలో రాపిడి పుండ్లకు అది ఒక కారణం.

పాదాల విషయం మీకు త్వరగా తేలిపోతుంది, మీరు క్లీట్లు (బూటును పెడల్‌కు పట్టి ఉంచే బిళ్ళలు) లేని మామూలు పెడళ్ళు వాడుతున్నారు. బొటనవేలి మొదట్లో ఉండే ఎముక ఉబ్బు పెడల్ ఇరుసు మీదో, దానికి కాస్త ముందో ఉండేలా చూసుకోండి, పాదం మధ్య భాగంతో గానీ వేళ్ళ చివరలతో గానీ తొక్కవద్దు. ముందు ముందు క్లీట్లకు మారితే కొంత ఆట ఉన్న, అంటే పాదాన్ని కాస్త అటూ ఇటూ తిరగనిచ్చే రకం, ఉదాహరణకు షిమానో రోడ్ క్లీట్లలో 6 డిగ్రీల ఆట ఉన్న పసుపు రంగువి, ఎంచుకోండి. మోకాలు నొప్పి ఉన్నవారు ఆట అసలు లేని ఎరుపు రంగు క్లీట్ల జోలికి పోకూడదు.

ఇక హ్యాండిల్. సీటు పైకి లేచిందంటే హ్యాండిల్ దానితో పోలిస్తే ఆ మేర కిందికి వెళ్ళినట్టే. దాన్ని అలాగే వదిలేస్తే మెడ నొప్పి పెరుగుతుంది, ఎందుకంటే వీపు వంగినకొద్దీ రోడ్డు చూడడానికి తల ఎక్కువ పైకెత్తవలసి వస్తుంది. మీరు పంపిన ఫొటోలో స్టెమ్‌కు పైన 20 మి.మీ. స్పేసర్లు (ఎత్తు సర్దే రింగులు) ఉన్నాయి, స్టెమ్ తక్కువ ఎత్తు ఇచ్చే వైపుకు అమర్చి ఉంది. పైసా ఖర్చు లేకుండా మీ చేతిలో రెండు ఉపాయాలున్నాయన్నమాట. స్పేసర్లను స్టెమ్ కిందికి మారిస్తే హ్యాండిల్ 19 మి.మీ. లేచి 6 మి.మీ. దగ్గరకు వస్తుంది. మీ స్టెమ్ మీద 6 డిగ్రీలని రాసి ఉందన్నారు, దాన్ని తిరగేస్తే మరో 20 మి.మీ. లేచి మరో 6 మి.మీ. దగ్గరకు వస్తుంది. రెండూ కలిపి హ్యాండిల్ దాదాపు 4 సెం.మీ. పైకీ, ఒక సెంటీమీటరుకు మించి దగ్గరకూ వచ్చేస్తుంది. మీరు కొనబోయిన 60 మి.మీ. స్టెమ్‌ను ఇదే వాలులో వేస్తే హ్యాండిల్ 39 మి.మీ. దగ్గరకు వస్తుంది కానీ 8 మి.మీ. కిందికి దిగుతుంది. మెడ నొప్పి ఉన్న మనిషికి అది మేలు చేయదు. పైగా అంత పొట్టి స్టెమ్‌తో ముందు చక్రం మీ చేతి కదలికకు మరీ చురుకుగా స్పందిస్తుంది, గుంతలు తప్పించేటప్పుడు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అది నిలకడగా అనిపించదు.

స్పేసర్లు మార్చే పని మీరే చేసుకోవచ్చు, కానీ వరుస తప్పకూడదు. ముందు స్టెమ్ పక్క బోల్టులు రెండూ వదులు చేసి, తరువాత పై మూత బోల్టు పూర్తిగా తీయాలి. స్టెమ్ బయటికి తీసినప్పుడు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కిందికి జారిపోకుండా ఒక చేత్తో పట్టుకోవాలి. అన్నీ తిరిగి అమర్చాక, ఫోర్కు గొట్టం పై అంచు స్టెమ్ లేదా పై స్పేసర్ అంచు కన్నా 3 మి.మీ. దిగువన ఉందో లేదో చూడండి, లేకపోతే మూత బిగుసుకోదు. మూత బోల్టును కొద్దిగా మాత్రమే బిగించి, ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. టక్కుమని ఆట తెలిస్తే ఇంకొంచెం బిగించాలి, హ్యాండిల్ తిప్పడం బరువైతే వదులు చేయాలి. ఆ తరువాతే స్టెమ్‌ను చక్రానికి సూటిగా పెట్టి పక్క బోల్టులు బిగించాలి. పక్క బోల్టులు బిగించి ఉండగా పై మూతను బిగిస్తే ఏ ప్రయోజనమూ లేదు, మూత బోల్టు మరలు మాత్రం పాడవుతాయి. కార్బన్ ఫోర్కు గొట్టమైతే స్టెమ్ కింద ఎన్ని మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టవచ్చో తయారీదారు పరిమితి పెడతాడు, అది తెలుసుకున్నాకే ముట్టుకోండి.

హ్యాండిల్ మీద చేయి పడే తీరు కూడా చూసుకోవాలి, ఎందుకంటే మీకు తిమ్మిరెక్కుతున్నవి ప్రత్యేకించి ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఆ రెండు వేళ్ళకు వెళ్ళే అల్నార్ నాడి అరచేతి మడమలో, చిటికెన వేలి వైపున, చర్మానికి చాలా దగ్గరగా సాగుతుంది. హుడ్ల మీద బరువంతా అక్కడ ఆనించి, మణికట్టును బయటికి విరిచినట్టు పట్టుకుంటే ఆ నాడి నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కి ఉంటే మణికట్టు మధ్యలోంచి వెళ్ళే మీడియన్ నాడిని అనుమానించేవాణ్ణి. హ్యాండిల్‌ను తిప్పి, టేపు మీది నుంచి హుడ్ దాకా చదునుగానో, ముందువైపు కాస్త పైకిగానో ఉండేలా అమర్చండి, ముంజేయి, మణికట్టు, అరచేయి ఒకే గీతలో రావాలి. 54 సైజు సైకిళ్ళకు చాలావరకు 42 సెం.మీ. వెడల్పు హ్యాండిల్ వేసి అమ్ముతారు. భుజాల చివరి ఎముకల మధ్య దూరాన్ని కొలవండి. అది 38 లేదా 40 అయితే ఈ వెడల్పే మీ మణికట్లను విరుస్తూ ఉండవచ్చు. బ్రేకు లివర్లు వేళ్ళకు దూరంగా ఉంటే వాటిని దగ్గరకు తెచ్చే చిన్న స్క్రూ చాలా లివర్లలో ఉంటుంది. మోచేతులను ఎప్పుడూ కాస్త వంచి ఉంచండి, పది నిమిషాలకొకసారి హుడ్ల నుంచి పైకీ, హ్యాండిల్ కింది వంపులైన డ్రాప్‌లలోకీ చేతులు మార్చండి.

టైర్లలో గాలి గురించి మీరు చివర్లో యథాలాపంగా రాశారు కానీ నాకు అది ముఖ్యంగా తోచింది. 28 మి.మీ. టైర్లలో 110 పి.ఎస్.ఐ. కొట్టిస్తున్నానన్నారు. మీ బరువుకు అది చాలా ఎక్కువ. మన రోడ్ల గరుకంతా ఆ టైరు మీ అరచేతులకు అప్పగిస్తుంది. టైరు పక్కన రాసిన కనిష్ఠ, గరిష్ఠ పరిమితుల లోపల ఉంటూ, వెనక 80, ముందు 75 దగ్గర మొదలుపెట్టండి. ఈ ఒక్క మార్పు ఈ రోజే చేయవచ్చు, పావుగంటలో తేడా తెలుస్తుంది.

పరీక్షించడానికి మీకు మంచి చోటే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ నార్సింగి నుంచి అందుతుంది. వాహనాల భయం లేకుండా, ఎక్కడంటే అక్కడ ఆగి, ఆలెన్ కీ తీసి మిల్లీమీటరు అటు ఇటు జరుపుకోవచ్చు. ప్రతి మార్పు తరువాత అక్కడ ఒకే దూరం, ఒకే వేగంతో తొక్కి, ఏ కిలోమీటరు దగ్గర ఏ వేలు మొద్దుబారిందో, మెడ ఎప్పుడు పట్టిందో అదే కాగితం మీద రాసుకోండి. గేరు కొంచెం తేలిక చేసి నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తొక్కడం అలవాటు చేసుకుంటే మోకాలికి మరింత ఉపశమనం ఉంటుంది.

ఒక విషయం ముందే చెప్పి ఉంచాలి. సీటు వెనక్కి, పైకి వెళ్ళింది కాబట్టి, హ్యాండిల్‌ను దగ్గరకు తెచ్చినా, టేపు పెట్టి కొలిస్తే సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం ఇప్పటికన్నా ఒక సెంటీమీటరు ఎక్కువే కనిపిస్తుంది. మొదటి రెండు రైడ్లలో అది వింతగా ఉంటుంది. కానీ నడుము కింది భాగం నుంచి వంగడం మొదలయ్యాక, వీపు మధ్యలో గూని పోయాక, అదే దూరం దగ్గరగా అనిపిస్తుంది. నెల రోజులు గడిచి, సీటు ఎత్తు 69 దాటి, చేతులెత్తే పరీక్షలో నిలబడగలిగి, అప్పటికీ హుడ్లను అందుకోవడానికి మోచేతులు పూర్తిగా చాచవలసి వస్తుంటే, అప్పుడు 90 మి.మీ. స్టెమ్ ప్రయత్నించండి, అదీ చాలకపోతే 80. వీలైతే కొనే ముందు తోటి రైడర్ దగ్గర అడిగి తెచ్చుకుని చూడండి. 80 కూడా దూరమే అనిపిస్తే మీకు ఆ ఫ్రేమే ఒక సైజు పెద్దదని అర్థం. మీ ఎత్తుకు 52, 54 రెండూ సరిహద్దులో ఉండే సైజులే కాబట్టి ఆ అవకాశం లేకపోలేదు. ఈ లోగా వేళ్ళ తిమ్మిరి రైడ్ ముగిశాక మర్నాటికి కూడా తగ్గకపోయినా, పట్టు బలహీనపడినా, సైకిల్‌ను పక్కన పెట్టి నరాల డాక్టరుకు చూపించుకోండి.